కాస్మెటిక్స్ ప్యాకేజింగ్: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు, వాటికి జవాబులు

క్రీములు, సీరమ్‌లు, తలనూనెలు తయారుచేసి చిన్నస్థాయిలో అమ్మేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఇవే. ఫార్ములా మీద ఆర్నెల్లు కష్టపడతారు, సీసా మాత్రం ఫొటో చూసి ఒక్క సాయంత్రంలో ఆర్డర్ పెట్టేస్తారు. ఆ తర్వాత లీకులు, రంగు మారడం, పంప్ పనిచేయకపోవడం, కస్టమర్ల ఫోన్లు, టెన్షన్. మంచి ప్రొడక్ట్ సీసా వల్ల చెడిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది, అందుకే ఇవన్నీ ఒకచోట రాశాను. పని జరిగే వరుసలోనే ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## సీసా కొనకముందు

ముందు ఫార్ములా ఖాయం చేసుకోవాలా, ప్యాకింగా?

రెండూ కలిపి నడిపించాలి. సీసా కూడా మీ ఫార్ములాలో ఒక పదార్థమే అనుకోండి. నెలల తరబడి అది మీ క్రీమ్‌ని తాకుతూనే ఉంటుంది. అందుకని వెతుకులాట మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: నీళ్లున్న ప్రొడక్టా, ఉత్త నూనె, మైనమేనా? ఎంత చిక్కన? సువాసన నూనెలు, ఆల్కహాల్ ఎంత శాతం? పీహెచ్ ఎంత? వెలుతురు, గాలి తగిలితే చెడిపోయేవి ఏమైనా ఉన్నాయా? వాడేవాళ్లు తడి చేతులతో తీసుకుంటారా? ఈ ఆరింటికి జవాబులు రాస్తే సగం కంటెయినర్లు వాటంతటవే పక్కకి పోతాయి.

క్రీమ్‌కి డబ్బా మంచిదా, ట్యూబా, పంపా?

నీళ్లు లేని బామ్, బటర్ లాంటివైతే డబ్బా హాయిగా సరిపోతుంది. నీళ్లున్న క్రీమ్‌కి నా మొదటి ఓటు ట్యూబ్‌కే. డబ్బా మూత తీసిన ప్రతిసారీ పైపొర మొత్తానికి గాలి తగులుతుంది, వేలితో పాటు తడి, సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. ఆ భారమంతా ప్రిజర్వేటివ్ మోయాలి. డబ్బానే కావాలనుకుంటే ల్యాబ్‌లో చాలెంజ్ టెస్ట్ (కావాలనే సూక్ష్మజీవుల్ని కలిపి, ప్రిజర్వేటివ్ వాటిని ఆపుతుందో లేదో చూసే పరీక్ష) చేయించండి, ప్యాక్‌లో చిన్న గరిటె కూడా పెట్టండి.

ట్యూబుల్లోనూ తేడా ఉంది. ప్లాస్టిక్ ట్యూబ్ నొక్కి వదిలితే మళ్లీ ఉబ్బుతుంది, ఉబ్బుతూ కాస్త గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అల్యూమినియం ట్యూబ్ నొక్కినచోటే అణిగి ఉండిపోతుంది కాబట్టి గాలి వెనక్కి పోదు. గాలికి తొందరగా పాడయ్యే పదార్థాలున్న క్రీములకు అది బాగా పనికొస్తుంది. కాకపోతే వాడేకొద్దీ నలిగి, చూడ్డానికి అంత బాగుండదు. అందం కోసం దాన్ని వదులుకోవాలా వద్దా అన్నది మీ క్రీమ్‌లో ఏముందో చూసి తేల్చుకోండి.

ఎయిర్‌లెస్ పంప్ అంటే ఏమిటి? అంత ఖర్చు పెట్టడం అవసరమా?

మామూలు పంప్‌లో సీసా అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది. క్రీమ్ బయటికొచ్చినంత మేర గాలి లోపలికి వెళ్తుంది. చాలా ఎయిర్‌లెస్ సీసాల్లో గొట్టం ఉండదు. అడుగున ఒక పిస్టన్ పళ్లెం ఉంటుంది. పంప్ నొక్కినప్పుడల్లా ఆ పళ్లెం కొద్దికొద్దిగా పైకి జరుగుతూ క్రీమ్‌ని నెడుతుంది. క్రీమ్‌కి గాలి తగలడం బాగా తగ్గుతుంది, చివర్లో వృథా కూడా తక్కువ. విటమిన్ సి, రెటినాల్ ఉన్న ప్రొడక్టులకు ఆ ఖర్చు పెట్టాల్సిందే అంటాను. మామూలు బాడీ లోషన్‌కి అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. పళ్లెం పైకి కదలాలంటే దాని కిందకి గాలి రావాలి. అందుకే ఈ సీసాల అడుగున సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఒకసారి ఒకావిడ అట్టపెట్టె నిండా సీసాలు తెచ్చి నా ముందు పెట్టారు. "ఇరవైసార్లు నొక్కినా చుక్క రావట్లేదండీ, మొత్తం లాట్ పోయింది" అన్నారు. ఒకటి తిరగేసి చూశాను. అడుగున సరిగ్గా మధ్యలో బ్యాచ్ నంబర్ స్టిక్కర్. గోరుతో దాని అంచు లేపగానే ఉస్‌మని చిన్న చప్పుడు వచ్చింది. తర్వాత నాలుగుసార్లు నొక్కేసరికి క్రీమ్ బయటికొచ్చింది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని స్టిక్కర్లు పీకి సీసా పక్కన అంటించాం.

ఎన్ని మి.లీ. సీసా తీసుకోవాలి?

వాడకం నుంచి వెనక్కి లెక్కేయండి. ముఖానికి పూటకి అర గ్రాము చొప్పున రోజుకి రెండుసార్లు రాసుకుంటే నెలకి 30 గ్రాములు అవుతుంది. తెరిచాక ఆరు నెలలే బాగుండే క్రీమ్‌ని 250 గ్రాముల డబ్బాలో అమ్మితే చివరి 70 గ్రాములు చెడిపోయాకే వాడతారు.

ఇంకో రెండు విషయాలు. సీసా మీద 100 మి.లీ. అని రాసి ఉన్నా, అంచుదాకా పోస్తే అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ ఖాళీ కావాలనే ఉంచుతారు. రెండోది, మి.లీ.లు గ్రాములు ఒకటి కావు. 100 మి.లీ. నూనె దాదాపు 92 గ్రాములే తూగుతుంది. గిలకొట్టి నురగలా చేసిన బటర్ ఇంకా తేలిక. 100 గ్రాములు అని లేబుల్ కొట్టించాక డబ్బాలో 70 గ్రాములకు మించి పట్టకపోతే లేబుల్ అయినా మార్చాలి, డబ్బా అయినా మార్చాలి. ముందే నింపి తూచి చూసుకోండి.

## ఏ మెటీరియల్?

గాజు మంచిదా, ప్లాస్టిక్ మంచిదా?

లోపలున్నదాన్ని కాపాడటం ఒక్కటే చూస్తే గాజుదే పైచేయి. దాదాపు దేనితోనూ కలవదు, గాలిని, వాసనని రానివ్వదు, పోనివ్వదు. బరువు, పగలడం దాని లోపాలు. సబ్బు చేతులతో పట్టుకునే షాంపూ, బాడీ వాష్‌లను గాజులో పెట్టొద్దు. జారి పగిలితే కాళ్ల దగ్గర గాజుపెంకులు. సీరమ్, ముఖానికి రాసే నూనె, పెర్ఫ్యూమ్‌లకు గాజు చక్కగా ఉంటుంది. గాజు సీసా అన్నంత మాత్రాన అంతా గాజు అయిపోదు. మూత లోపలి లైనర్ (సీసా మూతికి ఆనే పలుచటి బిళ్ల), డ్రాపర్ రబ్బరు, పంప్ గొట్టం అన్నీ ప్లాస్టిక్, రబ్బరే. సమస్య ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

సీసా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. అది దేనికి?

అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తు. 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం మొదలుపెట్టింది. 1 అంటే పెట్, 2 హెచ్‌డీపీఈ, 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ, 5 పాలీప్రొపిలీన్ (అందరూ పీపీ అంటారు), 6 పాలీస్టైరీన్, 7 మిగతావన్నీ. అంకె పెద్దదైతే నాణ్యత ఎక్కువ అనో తక్కువ అనో అర్థం లేదు. ఆ గుర్తు ఉంది కాబట్టి తప్పకుండా రీసైకిల్ అవుతుందనీ కాదు.

నా ప్రొడక్ట్‌కి ఏ ప్లాస్టిక్ సరిపోతుంది?

పెట్ గాజులా పారదర్శకంగా ఉంటుంది. నూనెలకు, టోనర్లకు, లోషన్లకు బాగుంటుంది. వేడిని మాత్రం తట్టుకోదు, 70 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడి వంకర తిరుగుతుంది. హెచ్‌డీపీఈ పాలరంగులో, కాస్త మెత్తగా, నొక్కడానికి వీలుగా ఉంటుంది. షాంపూలకు పాతకాలం నుంచీ నమ్మకమైనది. నీటి ఆవిరిని బాగా ఆపుతుంది కానీ సువాసనలు, కొన్ని నూనెలు మెల్లగా దాని గోడల్లోంచి బయటపడతాయి. పీపీ వేడికి ఓర్చుకుంటుంది, వందలసార్లు మడిచినా విరగదు. ఫ్లిప్ మూతల కీలు దానితోనే చేస్తారు.

అక్రిలిక్ డబ్బాలు నగల పెట్టెల్లా మెరుస్తాయి. కానీ ఆల్కహాల్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. అందుకే మంచి అక్రిలిక్ డబ్బాలో లోపల పీపీ గిన్నె వేరుగా ఉంటుంది. కొనేటప్పుడు ఆ గిన్నె ఉందో లేదో చూడండి. పాలీస్టైరీన్‌లో సువాసన నూనెలు పెట్టొద్దు. నిమ్మ, నారింజ తొక్కల నూనెలో ఉండే లిమోనీన్ దాన్ని కరిగించేస్తుంది.

ముదురు గోధుమ రంగు సీసా నిజంగా అవసరమా?

వెలుతురుకి పాడయ్యే పదార్థం ఉంటే అవసరమే. ఆంబర్ గాజు అల్ట్రావయొలెట్ కిరణాలని, నీలికాంతిలో చాలా భాగాన్ని ఆపుతుంది. నీలం గాజు చూడ్డానికి ముదురుగా ఉన్నా అంత కాపాడదు. పొగమంచు పట్టినట్టుండే ఫ్రాస్టెడ్ గాజు కాంతిని చెదరగొడుతుందే కానీ ఆపదు. మీకు పారదర్శక సీసానే నచ్చితే మందపాటి అట్టపెట్టెలో పెట్టి అమ్మండి, కస్టమర్ బయటికి తీసేదాకా అదే కాపాడుతుంది. విటమిన్ సి సీరమ్ చేసేవాళ్లకు ఒక మాట: ఆంబర్ సీసాలో పెట్టినా అది గోధుమరంగులోకి మారొచ్చు, ఎందుకంటే వెలుతురు కన్నా గాలే దానికి పెద్ద శత్రువు.

అల్యూమినియం డబ్బాలో క్రీమ్ పెట్టొచ్చా?

బామ్, ఘన పెర్ఫ్యూమ్ లాంటి నీళ్లు లేనివైతే పెట్టొచ్చు. నీళ్లున్న క్రీమ్ అయితే డబ్బా లోపల రక్షణ పూత తప్పనిసరిగా ఉండాలి. పూత లేకపోతే ఆమ్ల గుణం, క్షార గుణం, ఉప్పు ఏదున్నా లోహాన్ని తింటాయి. నల్లటి మచ్చలు, లోహపు వాసన వస్తాయి. పూత ఉన్నా డబ్బా సొట్టపడితే అక్కడ చిట్లుతుంది.

## మూతలు, పంపులు, డ్రాపర్లు

24/410, 18/415 అని రాసి ఉంటుంది. ఏమిటిది?

మొదటి అంకె సీసా మెడ మీద మరల బయటి వ్యాసం, మి.మీ.లలో. రెండోది మర ఎన్ని చుట్లు తిరుగుతుందో, మెడ ఎంత పొడవో చెప్పే కోడ్. 400 అంటే ఒక చుట్టు, 410 అంటే ఒకటిన్నర, 415 అంటే రెండు. 24/400 సీసాకి 24/410 పంప్ బిగిస్తే మొదట పట్టినట్టే ఉంటుంది, కానీ చివరిదాకా కూర్చోదు, పక్కకి పడుకోబెడితే కారుతుంది. సీసా ఒకచోట, పంప్ ఇంకోచోట కొంటే రెండు అంకెలూ సరిచూసుకోండి. అంకెలు కలిసినా కనీసం పది బిగించి చూశాకే పెద్ద ఆర్డర్ పెట్టండి. అచ్చుకీ అచ్చుకీ తేడాలు ఉంటాయి.

పంప్ ఒక్కసారి నొక్కితే ఎంత రావాలి?

ఫేస్ క్రీమ్, సీరమ్ పంపులు చాలావరకు 0.2 నుంచి 0.5 మి.లీ. మధ్య ఇస్తాయి. లోషన్, షాంపూ పంపులు 1 నుంచి 2 మి.లీ. సీరమ్‌కి లోషన్ పంప్ పెడితే సీసా పది రోజుల్లో అయిపోతుంది, కస్టమర్‌కి మోసపోయామనిపిస్తుంది. పదిసార్లు నొక్కి తూచి, పదితో భాగిస్తే మీ పంప్ అసలు లెక్క తెలిసిపోతుంది.

డ్రాపర్ రబ్బరు జిగటగా అయిపోయింది, ఎందుకు?

సువాసన నూనెలు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. సీసా ముట్టుకోకుండా నిలబెట్టినా వాటి ఆవిరి గొట్టంలోంచి పైకెళ్లి ఆ పని చేస్తుంది. ఆ రబ్బరులోని పదార్థాలు తిరిగి మీ నూనెలోకి దిగే ప్రమాదమూ ఉంది. ఉత్త సువాసన నూనెలకు డ్రాపర్ మూత వద్దు. మామూలు మూతా, సీసా మూతిలో చుక్కచుక్కగా వదిలే ప్లాస్టిక్ బిరడా వాడండి. సీరమ్‌లో సువాసన తక్కువ శాతమే ఉన్నా, మీ ప్రొడక్ట్‌తోనే మూడు నెలలు చూశాకే డ్రాపర్ ఖాయం చేయండి.

మూత ఎంత గట్టిగా బిగించాలి?

బలమంతా పెట్టి బిగిస్తే లీకు కాదనుకోవడం పొరపాటు. ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ మూత సాగి చిట్లుతుంది, లైనర్ నలుగుతుంది, అప్పుడే కారుతుంది. బిగించిన మరుసటి రోజుకి ప్లాస్టిక్ కాస్త సర్దుకుని పట్టు తగ్గడం మామూలే. లీకు పరీక్ష అందుకే ఒక రోజు ఆగాక చేయాలి.

## నింపి చూసే దశ

పెద్ద ల్యాబ్ లేదు. ప్యాకింగ్‌ని నేనే ఎలా పరీక్షించుకోవాలి?

కావలసింది గ్రాములో వందోవంతు చూపించే త్రాసు, ఒక పుస్తకం, ఓపిక. అమ్మబోయే సీసాలో, అమ్మబోయే మూతతో, అసలు ప్రొడక్టే నింపండి. అదే ప్రొడక్ట్‌ని గాజు సీసాలో కూడా నింపి పక్కన పెట్టండి. రెండింట్లోనూ చెడితే తప్పు ఫార్ములాది, ప్లాస్టిక్‌లోనే చెడితే తప్పు సీసాది. ఈ ఒక్క పోలిక లేకపోవడం వల్ల ఎంతోమంది మంచి ఫార్ములాని తిరగరాసుకోవడం చూశాను.

కొన్ని సీసాలు గది వేడిలో, కొన్ని 40 డిగ్రీల దగ్గర, కొన్ని ఫ్రిజ్‌లో, కొన్ని కిటికీ వెలుతురులో ఉంచండి. ప్రతిచోటా ఒకటి నిలబెట్టి, ఒకటి పడుకోబెట్టి, ఒకటి తలకిందులుగా. మొదటిరోజు ఒక్కొక్కటీ తూచి నంబర్ వేయండి. 12 వారాల పాటు వారానికోసారి తూచి, రంగు, వాసన, చిక్కదనం, పంప్ పనితనం, లేబుల్ అంచు, మూత చుట్టూ తడి చూసి రాయండి. కంటికి లీకు కనిపించకపోయినా బరువు తగ్గుతూ పోతోందంటే నీళ్లో, సువాసనో గోడలోంచి, మూతలోంచి బయటికి పోతోందన్నమాట.

సీసా పక్కలు లోపలికి పీక్కుపోయాయి. సీసా నాసిరకమా?

అలాగే అనుకోనక్కర్లేదు. నింపినప్పుడు వేడిగా ఉండి చల్లారాక లోపలి గాలి కుంచించుకుపోయి ఉండొచ్చు. లోపలి నూనెలు పైనున్న గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని ఉండొచ్చు. లేదా సువాసన గోడలోంచి బయటికి పోయి ఉండొచ్చు. మూత వదులు చేయగానే సీసా టక్కున ఉబ్బితే లోపల వాక్యూమ్ ఏర్పడిందని అర్థం. చల్లారాక నింపండి, మందపాటి గోడ ఉన్న సీసా చూడండి, లేదా పెట్‌కి మారండి.

అమ్మినవాళ్లు "అన్నిటికీ సరిపోతుంది" అన్నారు. అయినా టెస్ట్ చేయాలా?

చేయాలి. వాళ్లకి తెలిసింది సీసా గురించే. మీ క్రీమ్‌లో ఏముందో మీకే తెలుసు. సువాసన ఒక్కటి మార్చినా, పంప్ సరఫరా చేసేవాళ్లు మారినా మళ్లీ చేయాలి.

## నింపేటప్పుడు

కొత్త సీసాలను కడగాలా?

దుమ్ము, అట్టపొడి ఉంటాయి కాబట్టి శుభ్రం చేయాల్సిందే. గాజుని వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టొచ్చు. పెట్ సీసాలని మరిగే నీళ్లలో వేయొద్దు, ముడుచుకుపోతాయి. వాటికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పిచికారీ చేసి ఆరనివ్వడం మేలు. అక్రిలిక్‌కి అదీ పనికిరాదు. దేనికైనా "పూర్తిగా ఆరడం" ముఖ్యం. పంప్ గొట్టంలో ఒక్క నీటిబొట్టు మిగిలినా, నీళ్లు లేవని ప్రిజర్వేటివ్ వేయని నూనెలో బూజుకి చోటిచ్చినట్టే.

లిప్ బామ్ వేడివేడిగా పోయొచ్చా?

పీపీ ట్యూబుల్లో, లోహపు డబ్బాల్లో పోయొచ్చు. పెట్‌లో వద్దు. మరీ వేడిగా పోస్తే మధ్యలో గుంట పడుతుంది, బాగా చల్లారనిచ్చి పోస్తే పొరలుపొరలుగా గడ్డకడుతుంది. మీ మిశ్రమానికి సరైన వేడి ఏదో నాలుగైదు సార్లు పోసి చూసి రాసుకోండి.

మూత కింద రేకు సీలు వేయించాలా?

దూరం పంపేవాటికి, నూనెలకు వేయించడం మంచిది. లీకు ఆగుతుంది, ఎవరూ తెరవలేదని కస్టమర్‌కి నమ్మకం కలుగుతుంది. ఇండక్షన్ సీలింగ్ మెషిన్ మూత మీంచే పనిచేసి లోపలి రేకుని వేడెక్కించి సీసా మూతికి అతికిస్తుంది. మూత ప్లాస్టిక్‌ది అయి ఉండాలి. లోహపు మూతకి ఇది కుదరదు.

## లేబుల్

తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12ఎం అని ఉంటుంది. గడువు తేదీ అదేనా?

కాదు. తెరిచిన దగ్గర్నుంచి 12 నెలల్లో వాడేయమని దాని అర్థం. యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి ఇది అమల్లో ఉంది. తెరవకుండా 30 నెలలకు మించి నిల్వ ఉండే ప్రొడక్టులకు అక్కడ ఈ గుర్తు వేస్తారు. అంతకన్నా తక్కువ నిల్వ ఉండేవాటికి తేదీ వేయాలి. మీరు ఎక్కడ అమ్ముతారో అక్కడి నియమం చదివాకే లేబుల్ ప్రింట్‌కి పంపండి. వేరేవాళ్ల డబ్బా చూసి 12 అనో 24 అనో వేసేయొద్దు. ఆ అంకె మీ టెస్ట్ నుంచే రావాలి.

పదార్థాల పేర్లు ఏ వరుసలో రాయాలి?

చాలా దేశాల్లో పద్ధతి ఒకటే: బరువు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువది తర్వాత. 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరుసలోనైనా రాయొచ్చు. పేర్లు ఇన్‌కీ (INCI, కాస్మెటిక్ పదార్థాలకు అంతర్జాతీయంగా వాడే పేర్లు) పద్ధతిలో ఉండాలి.

లేబుల్ ఊడిపోతోంది, ఇంకు చెరిగిపోతోంది. ఏం చేయాలి?

బాత్రూమ్‌లో ఉండేవాటికి, నూనెలకు కాగితం లేబుల్ నిలవదు. బీఓపీపీ అనే సన్నటి ప్లాస్టిక్ లేబుల్ వేయించి పైన లామినేషన్ చేయించండి. అంటించే ముందు సీసాని ఆల్కహాల్‌తో తుడవండి, నింపేటప్పుడు కారిన సన్నటి నూనె పొర మీద ఏ జిగురూ పట్టదు. నొక్కే సీసాలకు సాగే లేబుల్ కావాలి, లేకపోతే ముడతలు పడతాయి.

## పార్శిల్, రవాణా

ఇక్కడ బాగానే ఉంది, కస్టమర్ దగ్గరికి వెళ్లేసరికి కారుతోంది. ఎందుకు?

దారిలో మూడు జరుగుతాయి. కుదుపులకి మూత కొద్దికొద్దిగా వదులవుతుంది. ఎండలో వాహనం వేడెక్కి లోపలిది వ్యాకోచిస్తుంది. విమానంలో బయటి ఒత్తిడి తగ్గి, లోపలి గాలి ప్రొడక్ట్‌ని బయటికి తోస్తుంది. పైన కాస్త ఖాళీ వదలండి, పంప్‌కి లాక్ గానీ క్లిప్ గానీ పెట్టండి, మూత చుట్టూ ష్రింక్ బ్యాండ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీ) వేయండి. పార్శిల్ సిద్ధమయ్యాక నడుము ఎత్తు నుంచి మూలల మీద, అంచుల మీద పడేసి, ఒక రాత్రి తలకిందులుగా ఉంచి, తెల్లారి విప్పి చూడండి.

## వాడటం అయిపోయాక

పర్యావరణానికి ఏ ప్యాకింగ్ మంచిది?

ఒకే రకం ప్లాస్టిక్‌తో, తక్కువ బరువుతో, సులభంగా విడదీయగలిగేది. పంపుల్లో స్టీలు స్ప్రింగ్, రెండు మూడు ప్లాస్టిక్‌లు కలిసి ఉంటాయి కాబట్టి రీసైక్లింగ్‌కి అడ్డం. కార్బన్ బ్లాక్ వేసిన నల్లటి ప్లాస్టిక్‌ని వేరుచేసే యంత్రాల సెన్సర్లు గుర్తించలేవు. సీసా మొత్తాన్ని కప్పే స్లీవ్ లేబుల్ కూడా వాటిని తికమకపెడుతుంది. మరీ చిన్న శాంపిల్ డబ్బాలు జల్లెడలోంచే జారిపోతాయి.

మొక్కజొన్న ప్లాస్టిక్ అని చెప్పే పీఎల్ఏ మీద చాలామంది ఆశపెట్టుకుంటారు. అది పెరట్లో పాతిపెడితే కరిగిపోదు, 60 డిగ్రీల దగ్గర నడిచే పారిశ్రామిక కంపోస్టింగ్ కావాలి. నీటి ఆవిరినీ సరిగా ఆపదు, నీళ్లున్న క్రీమ్‌కి పనికిరాదు. దానికన్నా రీసైకిల్ చేసిన పెట్ తీసుకోండి. రంగు కాస్త బూడిదగా, లాట్‌కో తీరుగా ఉంటుంది. దాన్ని లోపంగా కాకుండా, ఎందుకలా ఉందో లేబుల్ మీద ఒక్క వాక్యంలో రాస్తే కస్టమర్లు అర్థం చేసుకుంటారు.

కస్టమర్లు ఖాళీ సీసా తెస్తే మళ్లీ నింపి ఇవ్వొచ్చా?

ఉత్త నూనెలకైతే, గాజు సీసాని కడిగి పూర్తిగా ఆరబెట్టి ఇవ్వొచ్చు. పంప్, డ్రాపర్ మాత్రం కొత్తవి వేయండి, వాటి లోపల కడగడం అసాధ్యం. నీళ్లున్న క్రీముల విషయంలో నేను ఒప్పుకోను. బయటి డబ్బా కస్టమర్ దగ్గరే ఉంచి, లోపలి గిన్నెని సీలు వేసి కొత్తగా అమ్మే పద్ధతి వాటికి సురక్షితం. ఏ బ్యాచ్ నింపారో, ఎప్పుడు నింపారో ఆ గిన్నె మీద రాసి ఉండాలి. బయటి డబ్బా మీద పాత నంబరే ఉండిపోతుంది కదా.